మర చూసి కొనండి: పాత ఇంగ్లిష్ ప్రయాణపు కొవ్వొత్తి స్టాండ్లలో ఏది ఎవరికి?

మా అమ్మమ్మ దగ్గర ఒక ఇత్తడి మరచెంబు ఉండేది. తిరుపతి వెళ్లినా, కాశీ వెళ్లినా అది ఆమె సంచిలో ఉండాల్సిందే. కొనేటప్పుడు కొట్టువాడి ముందే నీళ్లు నింపి, మూత బిగించి, తలకిందులుగా పట్టుకుని చుక్క కారుతుందేమోనని చూసిందట. నగిషీ, బరువు, ధర అన్నీ ఆ తర్వాతే.

ఇంగ్లండ్ వచ్చాక శనివారాలు పాత వస్తువుల సంతల్లో తిరగడం నాకు అలవాటైంది. అక్కడ మొదటిసారి ‘బ్రైటన్ బన్’ అనే ఇత్తడి వస్తువును చేతిలోకి తీసుకుని, మర విప్పి, మళ్లీ బిగించినప్పుడు ఆ మరచెంబే గుర్తొచ్చింది. దూరప్రయాణాల కోసం పుట్టిన వస్తువుకు పనితనమంతా మరలోనే ఉంటుందని అప్పుడే అర్థమైంది. ఇప్పుడు ఇక్కడి తెలుగు స్నేహితులు కొందరు ఇలాంటివి కొనాలనుకుని ఏది మంచిదని అడుగుతున్నారు. ఫోనులో ముక్కలుముక్కలుగా చెప్పే బదులు అంతా ఒక్కచోట రాస్తున్నాను.

ముందు ఇవి ఎందుకు పుట్టాయో తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. మన మాట ‘కొవ్వొత్తి’లోనే పాత సంగతి దాగి ఉంది: కొవ్వుతో చేసిన ఒత్తి. ఇంగ్లండ్‌లోనూ సామాన్యులు వెలిగించినవి పశువుల కొవ్వుతో చేసినవే. అవి మెత్తగా ఉండేవి, వాసన వేసేవి, ఒత్తి కొసను మాటిమాటికీ కత్తిరించాల్సి వచ్చేది. 1825లో ఫ్రాన్స్‌లో జడలా అల్లిన ఒత్తి వచ్చింది. అది మంటలో తానే వంగి కాలిపోతుంది, కత్తెర పని ఉండదు. ఇంచుమించు అదే కాలంలో కొవ్వు నుంచి తీసిన స్టియరిన్ అనే గట్టి పదార్థంతో చేసిన కొవ్వొత్తులు వచ్చాయి. 1831లో ఇంగ్లండ్‌లో కొవ్వొత్తుల మీద పన్ను ఎత్తేశారు. 1850ల నుంచి పారఫిన్ మైనం వచ్చింది. అలా కొవ్వొత్తి పెట్టెలో వేసుకుని ఊరెళ్లదగ్గ వస్తువు అయింది. ఇంకో కారణం కూడా ఉంది. ఆ రోజుల్లో యూరప్ హోటళ్లలో గదిలో పెట్టిన కొవ్వొత్తికి బిల్లులో వేరే లెక్క కట్టేవారు. దాని మీద ప్రయాణికులు ఎప్పుడూ విసుక్కునేవారు. సొంత కొవ్వొత్తి, సొంత స్టాండు ఉంటే ఆ ఖర్చు మిగిలేది, తెలియని ఇంటి చీకట్లో తడుముకునే బాధా తప్పేది.

ఇక బ్రైటన్ బన్ సంగతి. ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుతాను.

ఇది రెండు పొట్టి స్టాండ్ల జత. ఒక్కోదాని అడుగు లోతైన పళ్లెంలా ఉంటుంది, నడుమ కొవ్వొత్తి నిలిపే చిన్న గొట్టం. మైనం కారితే ఆ పళ్లెంలోనే పడుతుంది. ప్రయాణం కట్టేటప్పుడు గొట్టాలు రెండూ విప్పి పళ్లెంలో పడుకోబెడతారు. రెండు ప్రమిదలను మూతికి మూతి ఆనించినట్టు పళ్లేలు రెండింటినీ కలిపి మర తిప్పుతారు. అరచేతిలో ఇమిడే గుండ్రటి ఇత్తడి ముద్ద తయారు. చూడ్డానికి బేకరీ బన్నులా ఉంటుంది. బ్రైటన్ ఏమో ఇంగ్లండ్ దక్షిణ తీరాన సముద్రపు ఊరు. సంతల్లో ఈ పేరు చెబితే చాలు, అమ్మేవాళ్లు బల్ల కింద నుంచి తీసి చూపిస్తారు. చాలావాటి వెడల్పు నాలుగు అంగుళాలకు అటూఇటూ. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా విక్టోరియా రాణి కాలానివి, ఆ తర్వాత కొన్నేళ్లవి కూడా కనబడతాయి.

నా మొదటి జత కథ చెబుతాను, మీకు పనికొస్తుంది. ఒక పెద్ద సంతలో, వాన మొదలవుతుండగా, తొందరలో కొన్నాను. అమ్మినాయన రెండు స్టాండ్లనూ విడివిడిగా పాత పేపర్లో చుట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి కలిపి తిప్పితే బిగుసుకోలేదు. వెలుతురులో పెట్టి చూస్తే రెండు పళ్లేలకూ మర అంచు బయటి వైపే ఉంది. జత అన్నాక ఒకదానికి మర అంచు లోపలి వైపు, రెండోదానికి బయటి వైపు ఉండాలి. అప్పుడే ఒకటి ఇంకొకదానిలో దిగుతుంది. నా దగ్గర ఉన్నవి రెండు వేర్వేరు జతల నుంచి మిగిలిపోయిన సగాలన్నమాట. తిరిగి తీసుకోనన్నాడు. చాలా రోజులు బాధపడ్డాను. పోయిన డబ్బు కంటే, చేతిలో పట్టుకుని ఉండి కూడా తిప్పి చూడలేదే అన్నది ఎక్కువ బాధించింది.

అందుకే, అమ్మేవారిని అడిగి అక్కడికక్కడే పూర్తిగా మూసి చూడండి. గొట్టాలు లోపల పెట్టే మూయాలి, ఎందుకంటే వేరే జత గొట్టాలు తెచ్చి తగిలిస్తే అవి లోపల పట్టకపోవచ్చు. మొదటి పావు చుట్టు మెత్తగా సాగాలి. మధ్యలో ఎగిరినట్టు, గంతేసినట్టు అనిపిస్తే మర అరిగిందని. పూర్తిగా బిగిశాక రెండు సగాల మధ్య గీత సన్నగా, చుట్టూ ఒకేలా ఉండాలి. ఒకపక్క గోరు దూరేంత సందు ఉంటే అంచు ఎక్కడో వంగింది. లోపల గొట్టాలు గలగలమంటే కంగారు పడకండి, అది మామూలే.

సొట్టల విషయంలో నా లెక్క సూటిగా ఉంటుంది. పళ్లెం పొట్ట మీద సొట్ట ఉంటే ఫర్వాలేదు, అంచు మీద ఉంటే వద్దు. అంచు మీది సొట్టను సరిచేయబోతే మర చెడుతుంది. గొట్టం బిగించే నడుమ రంధ్రాన్ని కింద నుంచి కూడా చూడండి. అక్కడ మాటు వేసిన తెల్లటి మచ్చ కనిపిస్తే, ఎప్పుడో మర ఊడిపోయి గొట్టాన్ని శాశ్వతంగా అతికించేశారని అర్థం. అలాంటిది అలమారాలో అందంగానే ఉంటుంది, కానీ ఇక మూతపడదు. సగం ధరకిచ్చినా నేను తీసుకోను.

పాతదా, కొత్తదా అన్న అనుమానం ఇత్తడిలో ఎప్పుడూ ఉంటుంది. ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు మన దేశంలోనే మొరాదాబాద్ నుంచి పెద్ద ఎత్తున విదేశాలకు ఎగుమతి అవుతాయి. మంచి పనివాళ్ల ఊరు అది. అక్కడి వస్తువును కొత్తదిగానే కొంటే ఏ తప్పూ లేదు. కొత్త వస్తువుకు పాత ధర కట్టడమే బాధ. నేను చూసేది మూడు చోట్ల. అడుగున ఏళ్ల తరబడి బల్లల మీద జరిపిన గీతలు అన్ని దిక్కులా, కొన్ని లోతుగా, కొన్ని లీలగా ఉండాలి. గీతలన్నీ ఒకే తీరున ఉంటే ఇసుక కాగితం పని అయ్యుండొచ్చు. మర చుట్ల అంచులు వేలికి గుచ్చుకోకూడదు, వందేళ్లు తిప్పిన మర నునుపుదేరి ఉంటుంది. మూడోది, మూలల్లోని నలుపు. పాతదానిలో అది చేయి పడని చోటే పేరుకుంటుంది. కొత్తదానికి మందు రాసి నల్లబరిస్తే అంతటా ఒకే రంగులో, పూత పూసినట్టు కనిపిస్తుంది.

కొన్నిటి మీద డైమండ్ ఆకారంలో చిన్న ముద్ర ఉంటుంది. అది 1842 నుంచి 1883 వరకు బ్రిటన్‌లో డిజైన్ రిజిస్టర్ చేసినప్పుడు వేసిన గుర్తు. 1884 నుంచి దాని బదులు వరుస నంబరు వేశారు. ఆ ముద్ర డిజైన్ ఎప్పుడు నమోదైందో చెబుతుంది, మీ చేతిలో ఉన్న ముక్క ఎప్పుడు పోతపోశారో చెప్పదు. అమ్మేవాళ్లు కొందరు ఈ రెండింటినీ కలిపేస్తారు. ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని అక్షరాలు ఉంటే అది ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దపు సరుకే.

పొట్టి బన్ను భోజనాల బల్ల మీద ఆనదు అనేవారికి కాడ ఉన్న రకం ఉంది. మడత మంచాలు, రెండు ముక్కలుగా విడిపోయే డ్రాయర్ పెట్టెలు వాడిన సైనికాధికారుల సామాను కుటుంబానికి చెందింది ఇది. బ్రిటిష్ అధికారి తన గుడారం సామాను తానే సమకూర్చుకోవాలి. 1806లో మొదలైన మన సికింద్రాబాద్ కంటోన్మెంట్ లాంటి చోట్లకు వచ్చిన వాళ్ల పెట్టెల్లో ఇలా విప్పి కట్టుకునే సామాను ఉండేది. ఈ స్టాండులో అడుగు, కాడ, గొట్టం అన్నీ మరలతో విడిపోతాయి. చూపుకు గంభీరంగా ఉంటుంది, నిజమే. అయితే ఎన్ని మరలుంటే అన్ని చోట్ల వదులు. బల్ల మీద నిలబెట్టి, గొట్టం పైభాగాన్ని వేలితో మెల్లగా తోయండి. ఊగితే ఎక్కడ ఊగుతోందో చూడండి. సాధారణంగా కాడ అడుగుకు కలిసే చోటే అరిగి ఉంటుంది. ఊగే కాడ మీద పొడుగాటి కొవ్వొత్తి వెలిగించడం పిల్లలున్న ఇంట్లో టెన్షన్. మర గట్టిగా ఉంటే మాత్రం, రోజూ వెలిగించి వాడుకునేవారికి బన్ను కంటే ఇదే నయం.

వెండివి వేరే లోకం. అదే పని చేసే జత, తోలు పెట్టెలో, మఖమల్ గుంటల్లో పడుకుని ఉంటుంది. ఇత్తడికీ దీనికీ ధరలో పోలికే లేదు, ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా ఒక సుఖం ఉంది: వెండి తన పుట్టుపూర్వోత్తరాలు తానే చెబుతుంది. ఇంగ్లిష్ వెండి మీద నడిచే సింహం గుర్తు ఉంటే అది వెయ్యికి 925 పాళ్ల వెండి. లంగరు గుర్తు బర్మింగ్‌హామ్‌ది, కిరీటం ఆ కాలంలో షెఫీల్డ్‌ది. వెండి నాణ్యతను పరీక్షించి ముద్ర వేసే సొంత కార్యాలయాలు ఈ రెండు ఊళ్లకూ 1773లో వచ్చాయి. చిరుతపులి తల లండన్‌ది. ఒక అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది. రాజు లేదా రాణి తల కూడా ఉంటే పన్ను కట్టారని, అది 1784 నుంచి 1890 వరకే వేశారు.

జత కొనేటప్పుడు రెండు సగాల మీదా అదే సంవత్సరపు అక్షరం, అదే పనివాడి ముద్ర ఉన్నాయో లేదో పోల్చండి. ఊడివచ్చే గొట్టాల మీద కూడా ముద్రలు ఉండాలి. అవి చిన్నవిగా, ఒకటి రెండే ఉండొచ్చు. గొట్టం మీద ఏమీ లేకపోతే అది తర్వాత చేయించి పెట్టిందేమోనని అడగాలి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. 1840లో ఎల్కింగ్టన్ కంపెనీ కరెంటుతో వెండి పూత వేసే పద్ధతికి పేటెంట్ తీసుకుంది. ఆ తర్వాత పూత సామాను వెల్లువలా వచ్చింది. ఆ సామాను మీద ఇ, పి, ఎన్, ఎస్ అనే ఇంగ్లిష్ అక్షరాలను ఒక్కోదాన్ని ఒక్కో చిన్న డాలు ఆకారంలో, అలంకార లిపిలో కొట్టేవారు. దూరం నుంచి చూస్తే అచ్చం వెండి ముద్రల వరుసే. అది నికెల్ మిశ్రమం మీద వెండి పూత. వెండి ధర ఇవ్వకండి. పూతదే అయినా మర బాగుంటే, పూత అంచుల్లో లేచిపోకుండా ఉంటే, బహుమతిగా ఇవ్వడానికి అది చక్కని వస్తువు. మా స్నేహితుల గృహప్రవేశానికి నేను అలాంటిదే ఇచ్చాను.

ఇంట్లో వాడే పెద్ద వెండి స్టాండ్లలో చాలావాటికి అడుగులో తారు లాంటి పదార్థం నింపి బరువు తెప్పిస్తారు. ప్రయాణపు జతలో లోపల ఖాళీ ఉండాలి కాబట్టి ఆ నింపుడు ఉండదు, చేతికి తేలిగ్గా తగులుతుంది. అరచేతిలో పెట్టుకుని ఇదేంటి ఇంత తేలిక అని అనుమానపడకండి.

రైలు దీపాల దగ్గరికి వస్తే నా గొంతు మారిపోతుందని మా వాళ్లంటారు. ఆ కాలపు రైలు పెట్టెల్లో పైకప్పు నుంచి వేలాడే నూనె దీపం గుడ్డి వెలుతురే ఇచ్చేది. పుస్తకం చదువుకోవాలంటే సొంత దీపం తెచ్చుకోవాల్సిందే. దానికోసం చేసిన దీపంలో కొవ్వొత్తి పైకి కనబడదు. ఒక గొట్టంలో నిలబడి ఉంటుంది, కింద స్ప్రింగు, పైన రంధ్రమున్న టోపీ. కొవ్వొత్తి కరిగే కొద్దీ స్ప్రింగు దాన్ని పైకి తోస్తుంది. మంట మాత్రం మొదటి నిమిషంలో ఎక్కడుందో చివరి నిమిషంలోనూ అక్కడే ఉంటుంది. పుస్తకం మీద వెలుతురు కదలదు. సీటు వెనక గుడ్డకు తగిలించే కొక్కెం, వెలుతురును ఒకవైపు తిప్పే చిన్న రేకు కొన్నిటికి ఉంటాయి. విప్పి మడిచి డబ్బాలో పెట్టుకోవచ్చు. ఇంత తెలివైన వస్తువు కొవ్వొత్తుల చరిత్రలో ఇంకోటి లేదని నా నమ్మకం.

కానీ కొనమని అందరికీ చెప్పను. స్ప్రింగు తుప్పు పట్టి ఉంటుంది, లేదా ఎవరో తీసేసి ఉంటారు. అదిలేకపోతే మిగిలేది ఉత్త గొట్టం. టోపీ విప్పి, వేలితో కిందికి నొక్కి వదిలితే స్ప్రింగు తిరిగి పైకి రావాలి. వెలిగించాలనుకుంటే ఇంకో చిక్కు ఉంది. ఇప్పటి మెత్తటి పారఫిన్ కొవ్వొత్తి టోపీ వేడికి ముందే మెత్తబడుతుంది, స్ప్రింగు దాన్ని రంధ్రంలోంచి బయటికి తోసేస్తుంది. సన్నటి గట్టి కొవ్వొత్తి, గొట్టం కొలతకు సరిపోయేది, వెతికి తెచ్చుకోవాలి. యంత్రాలంటే ఇష్టమున్న వాళ్లకు, ఓపికగా శుభ్రం చేసుకునే వాళ్లకు ఇది. అలమారా అలంకారం కోసమైతే వద్దు.

మడిచే లాంతర్లు కూడా కనబడతాయి: రేకు చట్రం, అద్దాల చోట అభ్రకపు పలకలు, తోలు సంచి. అభ్రకం వేడికి పగలదు, బరువూ ఉండదు. గూడూరు వైపు వాళ్లకు దాని గురించి నేను చెప్పక్కర్లేదు. పలకలు పొరలు లేచి మసకబారితే మార్చడం కష్టం, కీళ్లు విరిగితే ఇంకా కష్టం. బాగున్నది దొరికితే తీసుకోండి, పాడైనదాన్ని బాగుచేయిద్దామని మాత్రం కొనకండి.

ఇక ఎవరికి ఏది? మొదటిసారి కొనేవారైతే ఆలోచించకుండా ఇత్తడి బ్రైటన్ బన్ తీసుకోండి. దొరుకుతుంది, గట్టిది, ఇంటికొచ్చిన పిల్లల చేతికిచ్చినా చెడదు. లోపలేముందో చూడమంటే వాళ్ల మొహాలు వెలిగిపోతాయి. భోజనాల బల్ల కోసమైతే కాడ ఉన్న జత, ఊగనిది. పెళ్లికో, రిటైర్మెంటుకో పెద్ద బహుమతి ఇవ్వాలంటే ముద్రలు సరిపోయిన వెండి జత. బడ్జెట్ చాలకపోతే అరకొర వెండి కోసం పాకులాడకండి. గొట్టం పోయిన వెండి సగం కంటే చక్కగా మూతపడే ఇత్తడి జత ఎంతో మేలు. రెండు బన్నుల మధ్య తేల్చుకోలేకపోతే, ఎక్కువ మెరిసేదాన్ని పక్కన పెట్టి మర మెత్తగా తిరిగేదాన్ని తీసుకోండి.

కొన్నాక ఒక్క మాట, ముఖ్యంగా అమ్మలకు, అత్తయ్యలకు. దీన్ని చింతపండుతో తోమకండి. పూజ సామానుకు మనం చేసే పని అదే, మెరుపు కూడా వెంటనే వస్తుంది. కానీ వందేళ్లుగా పట్టిన ఆ ముదురు తేనె రంగు ఒక్క తోముడుతో పోతుంది, మళ్లీ రాదు. ఆ రంగుకే సగం ధర కట్టారు. మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. గొట్టంలో మైనం ఇరుక్కుంటే చాకుతో గీకొద్దు, వేడి నీళ్లలో కాసేపు ఉంచితే అదే వదులుతుంది. ఆరాక మర చుట్లను పొడి గుడ్డతో ఒకసారి తుడవండి. మైనం తునక చుట్లలో ఉండగా బలవంతంగా తిప్పితే మర పాడవుతుంది. వెలిగించేముందు కొవ్వొత్తి మందం గొట్టంతో సరిచూసుకోండి. పాత గొట్టాల కొలతలన్నీ ఒకటి కావు. వదులుగా ఉంటే కొవ్వొత్తి అడుగును కాస్త వెచ్చచేసి నొక్కాలి, కాగితం ముక్కలు దోపకూడదు, మంట దిగేసరికి అంటుకుంటాయి.

ఇంటికి, అంటే ఇండియాకు, తీసుకెళ్లేవారు బిల్లు జాగ్రత్త చేసుకోండి. అందులో వస్తువు పేరు, అది ఎప్పటిదో రాయించుకోండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పురావస్తువులను మన దేశం నుంచి బయటికి తీసుకెళ్లడం మామూలు మనుషులకు కుదరదు. ఒకసారి హైదరాబాద్ ఇంట్లో పెట్టి, నాలుగేళ్ల తర్వాత మళ్లీ వెనక్కి తీసుకెళ్దామనుకుంటే ముందే పురావస్తు శాఖ వారిని అడిగి కాగితాలు చేయించుకోవాలి. విమానంలో బన్నును మూసి పెట్టకండి. స్కానర్‌లో అది లోపలేముందో తెలియని గట్టి లోహపు ముద్దలా కనిపిస్తుంది, పెట్టె తెరవమంటారు. రెండు సగాలూ విప్పి, గొట్టాలు వేరుగా, మర అంచులకు గుడ్డ చుట్టి పెట్టండి.